గట్టు మీద తెల్లపూలు

నల్లమ్మకు అనుమానం పుడితే దానికి అడ్డూ అదుపూ ఉండదు. కోడి గుడ్డు పెట్టకపోయినా పక్కింటి వైపు చూసే మనిషి. అలాంటిది ఇప్పుడు పచ్చగా ఉండాల్సిన వేరుశనగ చేను మొగ్గలు మాడి, కాడలు నల్లబడి నిలువునా చస్తోంది. అదీ ఎటు నుంచి? సుంకప్ప చేనికి ఆనుకున్న గట్టు వైపు నుంచి. ఇంకేం కావాలి ఆమెకు!

ఆయప్పే, ఆ సుంకప్పే, పంట మీద కలుపు మందు కొట్టాడని ఊరంతా చాటింది. ఈ పంట పోతే నేల అమ్ముకుని కళ్యాణదుర్గంలో కూలికి పోవడం తప్ప ఆమెకు దారి లేదు. ఆ నేల కొనడానికే సుంకప్ప కాచుకుని ఉన్నాడని ఆమె గట్టి నమ్మకం.

నిజానికి వాళ్లది ఏళ్లనాటి పొత్తు. ఆమెకొక ఎద్దు, ఆయనకొక ఎద్దు. రెంటినీ జత కట్టి, వంతులేసుకుని ఇద్దరి చేలూ దున్నుకునేవారు. విత్తే ముందు నడిమి గట్టును ఇద్దరూ కలిసి శుభ్రం చేయడం కూడా ఆ పొత్తులో భాగమే. ఈ వేసవిలో గట్టు తన వైపు జరిగిందని నల్లమ్మకు తోచింది. కొలిచిందీ లేదు, అడిగిందీ లేదు. గట్టు మీద చెయ్యి పెడితే బాగుండదని చెప్పేసి, తన ఎద్దును విప్పుకుని వచ్చేసింది. వానలు పడ్డాక గట్టంతా వయ్యారిభామ కలుపు నిలువెత్తు లేచి తెల్లగా పూసింది. మంచిదే, ఆయప్ప ఇటు దాటకుండా కంచె అనుకుంది.

వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి జయంతి అనే అమ్మాయి జీపులో వచ్చింది. పిలిపించింది సుంకప్పేనని తెలిసి నల్లమ్మకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయి ఏం చెప్పినా నమ్మేది లేదని చేతులు కట్టుకుని నిలబడింది.

జయంతి మాడిన కాడను చీల్చి చూసి, ఇది మందు కాదు, వైరస్ అంది. రెండువేల సంవత్సరంలో జిల్లాను ఊడ్చేసిన కాండం కుళ్లు తెగులే ఇది. కంటికి కనబడని చిన్న గుల్ల, దాని లోపల జన్యువుల పోగు, వైరస్ అంటే అంతేనట. దీనికి మాత్రం ఆ పోగు మూడు ముక్కలుగా వేర్వేరు గుల్లల్లో ఉంటుంది. రెండు ముక్కలు నకళ్లు తీసే పనికి. మూడోది కణం నుంచి కణానికి దారి చేయడానికి, గుల్ల అల్లడానికి. మూడూ ఒకే కణంలో చేరితేనే తెగులు, ఏ ఒక్కటీ ఒంటరిగా ఏమీ చేయలేదు.

ఒంటెద్దుతో సేద్యం లాగా, అనుకుంది నల్లమ్మ. అలా అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"మూడూ జతగూడి నా చేనికే ఎట్ల వచ్చినాయి? ఎవురన్నా తెచ్చి చల్లినారా?" అని అడిగింది. చూపు పక్కనే నిలబడ్డ సుంకప్ప మీదే ఉంది.

జయంతి గట్టు వైపు తిరిగింది. వయ్యారిభామ పుప్పొడిలో ఈ వైరస్ ఉంటుందట, ఆ మొక్క మాత్రం నవనవలాడుతూనే ఉంటుందట. తామర పురుగులనే సన్నటి పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి పూసుకొచ్చి వేరుశనగ ఆకును గీకితే, ఆ గాట్లోంచి లోపలికి దూరుతుందట. పూత రాకముందే గట్టు ఎందుకు శుభ్రం చేయలేదని ఆ అమ్మాయి అడిగింది.

"చెయ్యి పెట్టొద్దంటివి గదక్కా. పెట్టలే," అన్నాడు సుంకప్ప.

ఆయన గొంతులో కోపం కూడా లేదు. నల్లమ్మ గట్టెక్కి, పూలు పక్కకు తోసి అవతలికి చూసింది. గట్టు పొడవునా ఆయన చేను కూడా నల్లగా మాడి ఉంది. ఆమె పెంచిన కంచె చాటున ఇన్నాళ్లూ అది కనబడనే లేదు. సిగ్గుతో ఆమె ప్రాణం సగం చచ్చింది. వంగి దొరికిన మొక్కనల్లా పీకబోయింది. జయంతి చెయ్యి పట్టుకుని ఆపింది. ఈ గాలిలో దులిపితే పుప్పొడి మిగిలిన పచ్చ మొక్కల మీద పడుతుందంది.

నల్లమ్మ చేను దాదాపు పోయినట్టే, మిగిలిన పచ్చదనమంతా సుంకప్ప వైపే ఉంది.

"గాలి తగ్గినాక పిలువు సుంకప్పా," అంది నల్లమ్మ, తలెత్తకుండా. "ఇద్దరం కలిసి నిదానంగా పీకుదాం. నీదన్నా సగం ఉండాది."

"వచ్చేటప్పుడు ఎద్దును తోలుకొని రాక్కా. నీ చేను దున్నేసి ఉలవలు చల్లుదాం. నేలలో పదును ఇంకా ఆరలే."

ఇందులో ఆయప్పకు ఏం లాభమని నల్లమ్మ అలవాటు కొద్దీ వెతికింది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.