మార్షల్ గారి వీపు

ఆరేళ్ళపాటు ప్రతి మంగళవారం సాయంత్రం ఏడున్నరకి మార్షల్ టల్లీ వాన్స్ దొంగల వెంటపడి గుర్రం మీద పోతుంటే దేశంలో సగంమంది టీవీల ముందు నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూశారు. వాళ్ళు చూసింది నా వీపు. ఈ మాట బార్‌లో ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వనీండి. మొహం రాయ్స్ టాల్బట్‌ది, వీపు నాది. కళ్ళు చికిలించి "పొద్దుగూకేలోపు ఊరొదిలి పో" అనడం వాడి పని. పరిగెత్తడం, దూకడం, కొండమీంచి దొర్లడం నా పని. నా పేరు వెర్న్ స్టకీ. ఓక్లహోమాలో పుట్టాను, నడక కంటే ముందు గుర్రం స్వారీ నేర్చాను, ఒంట్లో విరగని ఎముకలు ఎన్నున్నాయో వేళ్ళమీద చెప్పగలను.

రాయ్స్ అసలు పేరు మిల్టన్ ప్లాట్కిన్. న్యూజెర్సీలో బూట్ల కొట్లో ఆడవాళ్ళ పాదాలకి కొలతలు తీసుకునేవాడు. వాడి దవడ చూసి ఎవడో మహానుభావుడు ఫొటో తీశాడు. ఆ దవడని పట్టుకుని హాలీవుడ్ వచ్చాడు. దవడ తప్ప ఇంకేమీ తెచ్చుకోలేదు. గుర్రమంటే వాడికి చచ్చేంత భయం.

"ఒరేయ్ వెర్న్, అది నన్నే చూస్తోందిరా," అనేవాడు.

"చూడక ఏం చేస్తుంది? కళ్ళున్నాయి కదా."

"అలా కాదు. ఏదో మనసులో పెట్టుకుని చూస్తోంది."

మార్షల్ గుర్రం పేరు సుల్తాన్. ఆ సుల్తాన్‌కి పిల్లల దగ్గర్నుంచి వారానికి ఒక బస్తా ఉత్తరాలొచ్చేవి. నిజానికి సుల్తాన్ అంటే రెండు గుర్రాలు. దగ్గరగా తీసే షాట్లకి డచెస్ అనే ముసలి ఆడగుర్రం; దానిమీద పసిపిల్లని కూర్చోబెట్టినా కదలదు, అసలు ఎవరెక్కినా కదలదు. పరుగు షాట్లకి బిస్కెట్. బిస్కెట్ మంచిదే గానీ స్టూడియో దాన్ని పాడుచేసింది. ఆరేళ్ళు మా షూటింగుల్లో పనిచేసి కళ్ళేన్ని లెక్కచెయ్యడం మానేసింది. "యాక్షన్" అని వినబడితే దౌడు, "కట్" అని వినబడితే ఉన్నచోట మేకు కొట్టినట్టు ఆగిపోవడం. మధ్యలో నువ్వు ఏం లాగినా, ఏం తన్నినా, దానికి అనవసరం.

ఇంకో రహస్యం కూడా చెప్పేస్తాను, రాయ్స్ ఇప్పుడు ఏమీ అనుకోడు. ఎంత కొట్లాట జరిగినా మార్షల్ టోపీ ఊడేది కాదు, గమనించారా? పత్రికలవాళ్ళు అది మార్షల్ ఠీవి అని రాశారు. ఠీవీ లేదు, పాడూ లేదు. టోపీ కింద విగ్గు, విగ్గు కింద బట్టతల.

ఆరో ఏడాది మా షో కాస్త నీరసపడింది. మాకు డబ్బులిచ్చేది ఒక మొక్కజొన్న అటుకుల కంపెనీ. దాని పెద్దమనిషి హోలిస్ ట్రింబుల్ ఒక కబురు పంపాడు. మెస్కీట్ ఫోర్డ్ అనే ఊళ్ళో శనివారం మధ్యాహ్నం రోడియో, అంటే కౌబాయ్‌ల స్వారీ పందేల జాతర, ఉంది, మార్షల్ అక్కడికొచ్చి సుల్తాన్ మీద పిల్లలందరి ముందూ ఒక చుట్టు దౌడు తియ్యాలి, తను కూడా వచ్చి చూస్తాడు, ఏడో ఏడాది సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం అని. రాయ్స్ వెంటనే నడుంనొప్పి అన్నాడు. అలాంటి నొప్పులు వాడికి రెడీగా ఉంటాయి.

కానీ మర్నాడు ఉదయం వాడు నా దగ్గరికొచ్చి టోపీ తీసి, లోపలి పట్టీలోంచి మడతపెట్టిన కాగితం ఒకటి ఇచ్చాడు. వాడి కూతురు నెట్టీ రాసింది. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ రాయ్స్‌ని వదిలేసి ఒక పళ్ళ డాక్టర్ని చేసుకుని మెస్కీట్ ఫోర్డ్ పక్కూళ్ళోనే ఉంటోంది.

"నాన్నా," అని రాసింది. "మా క్లాసులో గెర్డా అనే అమ్మాయి నువ్వు నిజంగా గుర్రం ఎక్కవంటోంది. నేను దాన్ని కొట్టాను. టీచరు నన్ను గోడకేసి నిలబెట్టింది. శనివారం రోడియోకి వస్తున్నా. నువ్వు నిజంగా ఎక్కుతావా? ఎక్కకపోతే ముందే చెప్పు, గెర్డాకి సారీ చెప్పాలి."

చదివి తిరిగిచ్చేశాను. 

"నిజం రాసెయ్యరా," అన్నాను. "చిన్నపిల్ల. అర్థం చేసుకుంటుంది."

"ఏమని రాయను? మీ నాన్న ఆరేళ్ళుగా కదలని గుర్రం మీద కూర్చుని ఫ్యాన్ గాలికి ఊగుతున్నాడని రాయనా? దాని దగ్గర నాకు మిగిలింది ఆ మంగళవారం ఒక్కటేరా."

"అయితే నేర్చుకో. ఇంకా ఐదు రోజులుంది."

నేర్చుకుంటానన్నాడు పాపం. సోమవారం జీను పట్టుకుని వాంతి చేసుకున్నాడు. మంగళవారం జీను దాకా కూడా పోలేకపోయాడు.

చివరికి మా డైరెక్టరు లియోన్ ఫార్కాస్ ఆలోచన చెప్పాడు. భోజనాల బల్లమీద కాగితం రుమాలు పరిచి మైదానం గీశాడు. పడమటి పక్క ట్రింబుల్ కూర్చునే చోట ఒక గుర్తు పెట్టాడు. మైదానం మధ్యలో మా స్టూడియో చెక్కజైలు నిలబెడతాం. ట్రింబుల్ కిందున్న పడమటి గేటులోంచి వెర్న్ మార్షల్ బట్టల్లో బిస్కెట్ మీద దూసుకొస్తాడు, ట్రింబుల్‌కి వీపే కనపడుతుంది. ఒక చుట్టు తిరిగి జైలు వెనక్కి పోతాడు. వెనకాల రాయ్స్ డచెస్ మీద తయారుగా ఉంటాడు. ఇటు వెర్న్ మాయం, అటు రాయ్స్ ఠీవిగా నడిపించుకుంటూ ముందుకొచ్చి టోపీ అంచు తాకుతాడు. అంతే.

"అద్భుతం సార్," అన్నాం అందరం.

ఆ బల్ల చుట్టూ ఆరుగురం ఉన్నాం. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళం. ఆ రుమాలు చేతులు మారి, దానిమీద ఆవాల సాస్ పడి, మళ్ళీ లియోన్ దగ్గరికొచ్చింది. ఒక్కడికంటే ఒక్కడికి బుర్ర వెలగలేదు. వెలగదు. మా బతుకంతా కెమెరా ఒక పక్క ఉంటుంది, రెండో పక్క మేం కూర్చుని కాఫీ తాగుతాం. లోకానికి ఒకటే పక్క ఉంటుందని మా నమ్మకం.

రోడియో మైదానం గుండ్రంగా ఉంటుంది. నాలుగు పక్కలా జనం కూర్చుంటారు.

శనివారం మధ్యాహ్నం బ్యాండు మోగింది. మైకులో "మార్షల్ టల్లీ వాన్స్!" అని అరిచారు, గేటు తెరిచారు. పక్కన నిలబడ్డవాడు "యాక్షన్" అన్నాడు. బిస్కెట్ లేచింది. సగం చుట్టు బ్రహ్మాండంగా పోయాను. పడమటి పక్క జనం లేచి నిలబడ్డారు. టోపీ కిందికి లాక్కుని తూర్పు పక్కకి తిరిగాను, ఎదురుగా నాలుగు వేల మొహాలు నా మొహం చూస్తున్నాయి. నా మొహం ఎలా ఉంటుందంటే, ఒక గుర్రం దానిమీద ఒకసారి కాలు వేసింది, అలా ఉంటుంది.

"వీడెవడు?" అన్నాడొక కుర్రాడు.

"మార్షల్ ఏడీ?"

"అదిగో!" అని పదిమంది ఒకేసారి వేళ్ళు చూపించారు.

తిరిగి చూసి నేను చచ్చిపోయాననుకున్నాను. పడమటి నుంచి చూస్తే అది రాతిగోడల జైలు, కటకటాలు, 'వాంటెడ్' కాగితాలు. తూర్పు నుంచి చూస్తే నాలుగు చెక్కలు, రెండు దూలాలు, ఇసుక మూటలు. ఆ చెక్కల వెనకాల అమెరికా మొత్తానికి ధైర్యం నూరిపోసిన మార్షల్ టల్లీ వాన్స్ మెడచుట్టూ కాగితం రుమాలు కట్టుకుని స్టూలు మీద నిలబడి ఉన్నాడు. మేకప్ అమ్మాయి ముక్కుకి పౌడరు అద్దుతోంది. ఇద్దరు మనుషులు కింద భుజాలు పెట్టి, అటకమీదకి బీరువా ఎక్కించినట్టు వాణ్ణి డచెస్ మీదకి ఎత్తుతున్నారు.

నవ్వు తూర్పున మొదలైంది. నవ్వంటే మామూలు నవ్వా? కడుపులు పట్టుకుని, బెంచీలు చరిచి, పక్కవాడి మీద పడి. పడమటివాళ్ళకి ఏమీ తెలీక వాళ్ళింకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ట్రింబుల్ కూడా కొడుతున్నాడు, అది చూసే నాకు జాలేసింది.

నేను "కట్" అని గొణిగి బిస్కెట్‌ని జైలు వెనక ఆపాను. రాయ్స్ డచెస్ మీద సగం ఎక్కి ఆగిపోయి ఉన్నాడు. వాడు నవ్వేవాళ్ళని చూడటం లేదు. కంచె దగ్గర పసుపుపచ్చ గౌను వేసుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. ట్రింబుల్ పక్కన కూర్చోమని రాయ్స్ పంపిన టికెట్టు వదిలేసి ఇటొచ్చి నిలబడింది. ఆ నాలుగు వేల మందిలో నవ్వనిది అదొక్కతే.

రాయ్స్ స్టూలు మీదకి దిగి, రుమాలు ఊడబీకి అవతల పారేశాడు.

"దిగు," అన్నాడు నాతో.

"ఏంటి?"

"బిస్కెట్ మీంచి దిగరా."

"నీకేమన్నా మతిపోయిందా? చస్తావు."

"చస్తే చస్తాను. ఆరేళ్ళనుంచి అన్నీ నువ్వే చేశావు. ఈ ఒక్కసారి నన్ను చావనీ."

దిగాను. ఏం చెయ్యను? వాడు ఎక్కాడు. ఎక్కాడంటే, పొట్టమీద బోర్లాపడి, జీను మీద పాకి, ఎలాగో అటువైపు కాలు దొరికించుకున్నాడు. మొహం పిండిలా తెల్లబడింది. లియోన్ దూరం నుంచి చేతులూపుతూ పరిగెత్తుకొస్తున్నాడు.

"ఇప్పుడు ఆ మాట అను," అన్నాడు రాయ్స్.

"మిల్టీ, వద్దురా..."

"అనరా వెధవా!"

"యాక్షన్," అన్నాను. నా జీవితంలో అంత చిన్నగా ఎప్పుడూ అనలేదు. బిస్కెట్‌కి వినబడింది.

ఆ స్వారీ గురించి ఏం చెప్పమంటారు? నలభయ్యేళ్ళ అనుభవంలో అంత దరిద్రమైన స్వారీ నేను చూడలేదు. మొదటి మలుపులో జైలుకి వాడి మోకాలు తగిలి గోడ మొత్తం ట్రింబుల్ వైపు పడిపోయింది. రెండో మలుపులో టోపీ ఎగిరింది, దాని వెనకే విగ్గు ఎగిరింది. రోడియో జోకరు ఆ విగ్గుని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు తోక పట్టుకుని ఎత్తి సెల్యూట్ కొట్టాడు. రాయ్స్ జీను ముందరి కొమ్ముని రెండు చేతులా వాటేసుకుని, కాళ్ళు రెండూ గాల్లో కొట్టుకుంటుంటే, బట్టతల ఎండకి మెరుస్తుంటే, "అమ్మా! అమ్మా!" అని మైదానం అదిరిపోయేలా అరుస్తున్నాడు. కానీ పడలేదు. ఒక చుట్టు దాదాపు పూర్తిచేశాడు. తూర్పు కంచె దగ్గరికొచ్చేసరికి నేను పిచ్చివాడిలా "పట్టుకోరా, పట్టుకో!" అని అరుస్తున్నానట. నాకు తెలీదు, తర్వాత చెప్పారు.

అప్పుడు లియోన్ ఆ ఘోరం ఇంక చూడలేక, కళ్ళు మూసుకుని, అలవాటుకొద్దీ అరిచాడు: "కట్!"

బిస్కెట్ ఆగింది. రాయ్స్ ఆగలేదు.

నేను పరిగెత్తి వెళ్ళేసరికి వాడు మట్టిలో వెల్లకిలా పడి ఉన్నాడు. నెట్టీ కంచె సందులోంచి దూరి వాడి తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాన్నా, బతికే ఉన్నావా?"

"ఉన్నాననుకుంటా."

"నువ్వు అస్సలు బాగా ఎక్కవు."

"అవునమ్మా."

"టీవీలో ఆయన బాగా ఎక్కుతాడు." నావైపు చూసింది. "ఆయన నువ్వు కాదని నాకు ఎప్పుడో తెలుసు. నీ వీపు నాకు తెలీదా? నువ్వు ఇంట్లోంచి వెళ్ళిపోయినప్పుడు గేటు దాకా చూశాను."

రాయ్స్ నోట్లోని మట్టి పక్కకి ఉమ్మాడు. 

"మరి గెర్డాని ఎందుకు కొట్టావే?" అన్నాడు చివరికి.

"అది చెప్పిందని. నేను చెప్పుకుంటే వేరు." గౌను అంచుతో వాడి మూతి తుడిచింది. "సోమవారం చెప్తాలే. మా నాన్న ఎక్కాడు, పడ్డాడు, నేను చూశాను అని."

ఏడో ఏడాది లేదని ట్రింబుల్ అక్కడే చెప్పేశాడు, భుజాల మీది దుమ్ము దులుపుకుంటూ. మార్షల్ టల్లీ వాన్స్ ఆ శనివారంతో ఖతం. నేను ఇంకో షోలో ఇంకొకడి వీపుగా చేరిపోయాను.

రెండు నెలలకి రాయ్స్ మా ఇంటికొచ్చాడు. విగ్గు లేదు.

"పరుగు నీకే వదిలేశాను," అన్నాడు. "పడటం నేర్పు."

నేర్పాను. ఆశ్చర్యమేమిటంటే ఆ వెధవ పడటంలో పుట్టుకతోనే దిట్ట. ఒళ్ళు దాచుకోడు. ఆ తర్వాత వాడు ఇతరుల షోలలో పదకొండేళ్ళు చచ్చాడు. మేడమీంచి పడి చచ్చాడు, నీళ్ళతొట్లో పడి చచ్చాడు, ఒకే ఎపిసోడ్‌లో మీసంతో ఒకసారి, మీసం లేకుండా ఒకసారి చచ్చాడు. పేరు ఎక్కడా వెయ్యరు. చచ్చే దొంగకి డూపు పెట్టే పిచ్చివాడు ఎవడూ ఉండడు కాబట్టి అన్నీ వాడే పడ్డాడు.

ఒక ఆదివారం నెట్టీ పుట్టినరోజని నన్ను కూడా పిలిచారు. పదమూడేళ్ళు వచ్చాయి దానికి. కేకు తిని పిల్లలంతా టీవీ ముందు చేరారు. గెర్డా కూడా ఉంది. అప్పటికి ఇద్దరూ ఒక కంచంలో తినేంత స్నేహం. రాయ్స్ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు. తెరమీద ఎవడో తుపాకీ పేల్చాడు, ఇంకెవడో సారాకొట్టు పైకప్పు మీంచి జారి వెనక్కి పడిపోయాడు. ఒక్క క్షణం. మొహం కూడా కనపడలేదు.

"అదిగో, మా నాన్న!" అంది నెట్టీ.

"ఎలా తెలుసే? వీపే కదా కనపడింది," అంది గెర్డా.

నెట్టీ నావైపు తిరిగింది. "చెప్పు వెర్న్ అంకుల్. అది ఎవరి వీపు?"

"మీ నాన్నదేనమ్మా," అన్నాను.