ఉసిరిచెట్టు దొరకని వనభోజనం

దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం పెట్టిన ఇరవై రెండేళ్లలో సూర్యప్రభ కార్తీక వనభోజనాలకు వెళ్లని ఏడాది లేదు. వెళ్లిన చోట ఏముందో చూసిన ఏడాదీ లేదు. అందరూ తిరిగొచ్చేసరికి విస్తళ్లు పరిచి ఉంచాలి, తిన్నాక గిన్నెలు సర్దాలి, ఆపైన బండెక్కాలి. వనస్థలిపురం జింకల పార్కుకే మూడుసార్లు వెళ్లింది, జింక తోకైనా కంటపడలేదంటే నమ్ముతారా? ఈసారి మాత్రం, యాభై రెండో ఏట, కృష్ణజింకను కళ్లారా చూడకుండా ఇంటికి రానని గట్టిగా అనుకుంది. పైకి చెప్పలేదు. చెబితే భర్త త్రినాథరావు నవ్వుతాడు.

ఆ ఏడాది అసలు వనభోజనాలే అనుమానంలో పడ్డాయి. సకల జనుల సమ్మె ముగిసి ఇంకా నెల తిరగలేదు. సందు చివర తెలంగాణ శిబిరం ఎత్తనే లేదు. కింది వాటాలో ఉండే ఇంటావిడ బాలలక్ష్మి కొడుకు గజేందర్ పొద్దస్తమానం ఆ శిబిరంలోనే ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చిన సూర్యప్రభకూ, హయత్‌నగర్ పక్క పల్లెలో పుట్టిన బాలలక్ష్మికీ మధ్య గొడవంటూ ఏమీ జరగలేదు. మాట మాత్రం తగ్గింది. కరివేపాకు రెబ్బకు కూడా ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. సూర్యప్రభకు అది లోలోపల గుచ్చుకుంటూనే ఉంది. అందుకే కార్తీకం ఆఖరి ఆదివారం, వస్తే వచ్చింది లేకపోతే లేదనుకుని, కిందికి దిగి తనే పిలిచింది. బాలలక్ష్మి ఒక్క క్షణం ఆమె మొహం చూసి, చీర మార్చుకొస్తానంది.

పదింటికి బయల్దేరారు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. మూడు దాటితే గానీ దారి వదల్లేదు. పార్కు గేటు చేరేసరికి మూడున్నర. ఐదింటికి మూసేస్తామనీ, లోపల జింకల్ని చూపించే ఆఖరి బండి నాలుగున్నరకనీ గేటు దగ్గరి మనిషి చెప్పాడు. బుద్ధున్న వాళ్లెవరైనా ఏం చేస్తారు? ముందు జింకల్ని చూసి, అన్నం ఇంటికెళ్లి తింటారు. త్రినాథరావు లెక్క వేరు. వనభోజనమంటే ఉసిరిచెట్టు కిందే తినాలి, తిన్నాకే తక్కినవన్నీ. పట్టిన పట్టు విడిచే మనిషి కాడు మహానుభావుడు. వెంట వచ్చిన చుట్టాలూ స్నేహితులూ పన్నెండు మందినీ వెంటేసుకుని చెట్టు వెతకడానికి బయల్దేరాడు.

తుమ్మలున్నాయి, వేపలున్నాయి, ఉసిరి జాడ మాత్రం లేదు. సూర్యప్రభ సాంబారు బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ వెనకే నడిచింది. నాలుగైంది. నాలుగుంబావైంది. అవతల బండి దగ్గర జనం అప్పుడే ఎక్కుతున్నారు. రాస్తారోకోనైనా దాటాం గానీ ఈయన చెట్టు దగ్గర ఆగిపోయాం గదా అని ఆమెకు ఒళ్లు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"ఏవండీ, నేను జింకల్ని చూడాలి," అనేసింది అందరి ముందూ.

ఆయన ఆశ్చర్యపోయాడు. ముందు చెట్టు దొరకనివ్వమన్నాడు. జింకలెక్కడికి పోతాయి, వచ్చే ఏడాది చూడొచ్చన్నాడు.

అప్పుడు బాలలక్ష్మి తన సంచిలో చెయ్యి పెట్టి ఉసిరికొమ్మ బయటికి తీసింది. మర్నాటి సోమవారం పూజకని పొద్దున కొత్తపేటలో కొన్నదట, ఇంట్లో పెట్టడం మరిచి సంచితోనే వచ్చేసిందట. దాన్ని వేపచెట్టు మొదట్లో మట్టిలోకి గుచ్చింది.

"ఇగో సారూ, మీ ఉసిరిచెట్టు. కూసోండ్రి," అంది. తర్వాత సూర్యప్రభ చేతిలోంచి బకెట్టు లాక్కుంది. "గరిటె ఇటియ్యి. నువ్వు పో ప్రభమ్మా, జల్దీ పో. గా బండి పోతది."

సూర్యప్రభ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరిగెత్తింది. కదలబోతున్న బండిని ఎవరో ఆపారు.

మొదట ఎండుగడ్డి తప్ప ఏమీ కనబడలేదు. ఇదేనా నా రాత అనుకుంది. అంతలో డ్రైవరు ఇంజను ఆపి వేలు చూపించాడు. పొదల పక్కన మగజింక. వీపు నల్లగా నిగనిగలాడుతోంది, పొట్ట తెల్లగా ఉంది, కొమ్ములు మెలితిరిగి ఉన్నాయి. అది తలెత్తి ఆమెనే చూసింది. మరుక్షణం గాల్లోకి ఎగిరి, దాని వెనక మంద మొత్తం ఎగిరి, గడ్డిలో కలిసిపోయింది. సూర్యప్రభకు కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఇంతకాలం ఎవరికోసం ఆగానో అనుకుంది.

ఆమె తిరిగొచ్చేసరికి అందరూ తింటున్నారు. సగం వడ్డించాక నడుం పట్టేసిందని బాలలక్ష్మి గరిటె త్రినాథరావు చేతిలో పెట్టేసిందట. ఆయన చొక్కా నిండా సాంబారు మరకలతో పంక్తి చుట్టూ తిరుగుతున్నాడు.

సూర్యప్రభ బాలలక్ష్మి పక్కన చతికిలబడి చూసిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెప్పి చెప్పి, చటుక్కున ఆగింది.

"అయ్యో, నాకోసం మీరు చూడనే లేదు!"

"చిన్నగున్నప్పుడు గీడికి గడ్డి కోయనీకి వచ్చేటోళ్లం. మందలు మందలుండేటివి," అంది బాలలక్ష్మి. "కంచె ఏసినంక ఇగ చూడలే. నలభై ఏండ్లాయె."

"అయితే వచ్చే ఆదివారం మనిద్దరమే వద్దాం. పొద్దున్నే. కారేజీ లేకుండా."

"మరి ఇంట్ల ఆళ్లకు అన్నమెట్ల?"

సూర్యప్రభ పంక్తి వైపు చూసింది. త్రినాథరావు వంగి ఎవరి విస్తట్లోనో పెరుగు వేస్తున్నాడు.

"వడ్డించుకుంటారు లెండి," అంది. "చూస్తున్నారుగా, చెయ్యి తిరిగింది."