వెనక సీట్లో చప్పుడు

బంటుమిల్లి రోడ్డు మీద దైవాధీనం షెడ్డుకి ఏ కారు వచ్చినా ముందు దాని నాలుగు మూలలూ నొక్కి చూస్తాడు. నొక్కి వదిలిన మూల ఒక్కసారి లేచి నిలబడితే కుదుపులు ఆపే షాకప్ బాగున్నట్టు. ఇంకా ఊగుతోందంటే లోపలి నూనె కారిపోయినట్టు. ఉత్త హారన్ బాగుచేయించుకోవడానికి వచ్చినవాడైనా ఈ తతంగం అయ్యేదాకా ఆగాల్సిందే. మేస్త్రీకి చాదస్తం ముదిరిందని జనం నవ్వుకుంటారు. రెండేళ్ల కిందటి వరకు ఆయనకు ఈ చాదస్తం లేదు.

అప్పుడు, క్రిస్మస్‌కు వారం ముందు, పెడనలో కలంకారీ బట్టల వ్యాపారం చేసే పూర్ణచంద్రరావు కారు తెచ్చాడు. వెనక ఎడమ షాకప్ మీద నూనె జిడ్డు మెరుస్తోంది. చర్చిలో క్యారల్స్ ప్రాక్టీసుకు వేళ మించిపోతోంది, పాట ఎత్తుకోవలసింది దైవాధీనమే. ఆ జిడ్డు గుడ్డతో తుడిచేసి, "ఏం ఫర్వాలేదండీ, నిశ్చింతగా తిప్పుకోండి" అన్నాడు. మూడో రోజున కాలవ మలుపు దగ్గర గోతిలో పడ్డ కారు గెంతుకుంటూ పోయి నీళ్లలో పడింది. పూర్ణచంద్రరావు బతకలేదు. కునుకు పట్టి ఉంటుందని అందరూ అన్నారు. దైవాధీనం ఆ మాట అనలేదు, అసలు మాట కూడా బయటపెట్టలేదు.

ఇవాళ పొద్దున్న అదే కారు షెడ్డు ముందు ఆగింది. అందులోంచి పూర్ణచంద్రరావు భార్య హైమావతి దిగింది. దైవాధీనం పానా కింద పెట్టి ఎదురెళ్లాడు.

"ఇంజను బాగుచేయించి నేనే నడుపుకుంటున్నానండీ. ఆయన మీ చేతిని తప్ప ఎవర్నీ నమ్మేవారు కాదు. కాస్త బ్రేకులు చూడండి."

దైవాధీనం వెనక ఎడమ మూల నొక్కి వదిలాడు. కారు లేచింది, కుంగింది, మళ్లీ లేచింది. లోపల టక్కుమంది. సొట్టలు తీసి రంగు వేసిన మహానుభావులు దాని జోలికే పోలేదు.

"ఆ చప్పుడుని మాత్రం ఏం చెయ్యకండి," అంది హైమావతి కంగారుగా. "నవ్వకండేం. నాకు డ్రైవింగ్ నేర్పేటప్పుడు, ముందు కూర్చుంటే గుండె ఆగిపోతోందని ఆయన వెనక కూర్చునేవారు. గొయ్యి కనబడితే చాలు, తలుపు మీద టక్కున కొట్టేవారు. ఇప్పుడూ కొడుతున్నారండీ. ఆ ధైర్యంతోనే మా అమ్మాయి లావణ్యని రోజూ కాలేజీకి దింపుతున్నాను."

"ఏ దారిలో అమ్మా?"

"ఇంకేం దారుందండీ? ఆ కాలవ దారే."

దైవాధీనం మళ్లీ ఆ మూల నొక్కి చూశాడు. ఊరుకుంటే ఆ పిల్ల కూడా కాలవపాలు. చెబితే తనకు ఈ ఊళ్లో తలెత్తుకునే దారి లేదు. పైగా ఈవిడకు మొగుణ్ణి రెండోసారి దూరం చేసినట్టవుతుంది.

"అది ఆయన కాదమ్మా," అన్నాడు. "స్ప్రింగు బండిని మోస్తుంది. దాని గెంతులు ఆపేది షాకప్. అది పోయింది. టైరు రోడ్డుని వదిలేస్తోంది. ఆయన బండి తెచ్చిననాడే పోయి ఉంది. నేను చూశాను. చూసి, గుడ్డతో తుడిచి పంపేశాను."

హైమావతి వెనక ఎడమ చక్రం వైపు తిరిగింది.

"ఆయనకి చెప్పలేదా?"

"లేదమ్మా."

"మార్చండి."

ఒకటి మారిస్తే బండి ఒక పక్కకు లాగుతుంది కాబట్టి వెనకవి రెండూ మార్చాడు. కుర్చీ వేసినా ఆవిడ కూర్చోలేదు. పని అయ్యాక వెనక తలుపు తీసి ఎడమ పక్కన కూర్చుంది. "ఆ మలుపు దాకా మీరే నడపండి," అంది.

మలుపు దగ్గర గొయ్యి ఇంకా అలాగే ఉంది. కారు ఒక్కసారి కుంగి, లేచి, నిలదొక్కుకుంది. చప్పుడు లేదు. హైమావతి తలుపు మీద చెయ్యి పెట్టి, టక్కుమంటుందేమోనని చూసింది.

"వెళ్లిపోయారండీ," అని భోరున ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే దైవాధీనం వీపు వెనక తలుపు మీద ఎవరో కొట్టినట్టు టక్కుమంది. ఉలిక్కిపడి అద్దంలోకి చూశాడు. ఆవిడ రెండు చేతులూ మొహం మీదే ఉన్నాయి. ఆ చప్పుడు ఆవిడకు వినిపించలేదు.