మా పోరడే

మంజులకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తాను మర్యాదకు అన్న రెండు మాటల వల్ల యాదలక్ష్మి కొడుకు చచ్చిపోతాడేమోనని.

ఆ మాటలు అన్నది పోయిన వానకాలంలో. మంజుల భర్త దయాకర్ కోస్గి దగ్గర మగ్గాల ఇంట పుట్టి, మగ్గం విడిచి జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీ పనికి కుదిరినవాడు. వాళ్ల కిరాయి ఇంటి పక్కన కొత్త బిల్డింగు లేస్తుంటే, ఆ పనికి వచ్చిన యాదలక్ష్మి, ఆమె మొగడు జానయ్య రేకుల షెడ్డులో ఉండేవారు. వాళ్ల కొడుకు విజేందర్‌దీ, మంజుల కొడుకు కృష్ణకాంత్‌దీ ఒకటే ఈడు. నీళ్ల కాడ కలిసిన మొదటి రోజు నుంచే యాదలక్ష్మి ఆమెను అక్కా అనేది.

ఇద్దరు పిల్లలకూ ఒకే రోజు జ్వరం వచ్చింది. చెరొకరిని చంకనేసుకుని తల్లులిద్దరూ పిల్లల దవాఖానకు పోయారు. ఆ దవాఖానకు ఏడెనిమిది ఊళ్లలో బ్రాంచీలున్నాయి. కంప్యూటర్ ముందున్న అఖిల కృష్ణకాంత్ వివరాలు ఎక్కించి, విజేందర్ వైపు తిరిగింది.

“ఫోన్ నంబరు?”

యాదలక్ష్మి మంజుల వైపు చూసింది. ఉన్న ఒక్క ఫోనూ జానయ్య జేబులో ఉంది. ఆ నంబరు ఆమెకు రాదు.

“నాదే రాయి,” అంది మంజుల.

“పుట్టిన తారీకు?”

“నాకేమెరుక? వరికోతలప్పుడు పుట్టిండు,” అంది యాదలక్ష్మి.

“మావోనిదే రాయి. వారం అటో ఇటో,” అని నవ్వింది మంజుల.

“అక్కా, ఈడు గూడ మీ పిలగాడేనా?” అనడిగింది అఖిల.

“మా పోరడే.”

పక్కింటి పిల్లవాడి గురించి ఎవరడిగినా మంజుల వాళ్ల వైపు అనే మాట అదే. కాదంటే, పక్కనున్న తల్లి మనసు చివుక్కుమంటుంది.

పెన్సిలిన్ సూది వేసిన పది నిమిషాలకు విజేందర్ మొహం ఉబ్బింది, పెదవులు నీలంగా మారాయి. డాక్టరు గంటసేపు తంటాలుపడి బతికించాడు.

“ఈ సూది వీనికి జన్మల వెయ్యొద్దు. కంప్యూటర్ల ఎర్ర గుర్తు పెట్టినం. మా బ్రాంచీ ఏడికి పోయినా కనబడ్తది,” అన్నాడు.

“జర చిట్టీ రాసియ్యుండ్రి సారూ,” అంది యాదలక్ష్మి.

“చిట్టీలు బందైనయమ్మా. అంత క్లౌడ్ల ఉంటది.”

“అంటే మబ్బుల్ల,” అంది అఖిల.

“మబ్బుల్లనా? మా పాలమూరు మీద మబ్బులు ఎన్నడు నిలబడ్డయమ్మా?” అంది యాదలక్ష్మి, కళ్లు తుడుచుకుంటూనే. అందరూ నవ్వారు. ఆ సూది పేరు ఆమెకు నోరు తిరగలేదు; దారి పొడుగునా మంజుల నంబరే వల్లె వేస్తూ వచ్చింది. ఏ ఊళ్లో అడిగినా చెప్పాలి కదా.

దీపావళి కాగానే మేస్త్రి వాళ్లను ఇంకో పనికి తోలుకుపోయాడు. ఏ ఊరికో వాళ్లకే సరిగ్గా తెలియదు.

ఎండలు ముదిరాక కృష్ణకాంత్ చెవిలో చీము పట్టింది. డాక్టరు కంప్యూటర్ తెర చూసి, “వీనికి పెన్సిలిన్ పడది గద,” అన్నాడు.

“మావోనికి కాదు సార్, విజేందర్‌కు.”

అఖిల వెతికింది. విజేందర్ అనే పిల్లవాడే లేడు.

“కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందక్కా. ఒకటే నంబరు, ఒకటే తారీకుంటే ఒక్క పిలగాన్నే రెండుసార్లు ఎక్కిచ్చిండ్రని కలిపేస్తాంది. ఒకటి ముద్దుపేరనుకున్నది గావచ్చు.”

హైదరాబాదు ఆఫీసుకు ఫిర్యాదు పంపారు. నాలుగో రోజున మంజుల ఫోనుకు మెసేజీ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడినది. ఉరికిపోయి చూస్తే, కృష్ణకాంత్ పేరు మీద ఎర్ర గుర్తు లేదు. హమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే విజేందర్ పేరు అడిగింది; లేదు, మళ్ల ఎక్కిస్తే మళ్ల కలిపేస్తదంది అఖిల.

ఆ గుర్తు ఇప్పుడు ఎవరి పేరు మీదా లేదు. యాదలక్ష్మి ఏ బ్రాంచీకి పోయినా మంజుల నంబరే చెప్తుంది. తెర మీద కృష్ణకాంత్ తెరుచుకుంటాడు. ఏ మందైనా పడే పిల్లవాడు.

“మావోని మీదనే ఆ గుర్తు మళ్ల పెట్టుండ్రి సార్, మీ కాల్మొక్త,” అంది.

“లేని రోగం ఎట్ల రాయాలమ్మా? రేపు వానికే ఆ సూది అక్కరకొస్తే?” అన్నాడు డాక్టరు.

జానయ్య నంబరు మంజుల ఎన్నడూ తీసుకోలేదు. మేస్త్రి ఫోను ఎప్పుడూ బందే. దయాకర్ విసుక్కున్నాడు: “ఊరోళ్ల ఫికరంత నీ నెత్తి మీదనే ఉన్నదా? ఎనిమిదో తరగతి చదివి డాక్టరమ్మవైనవ్.”

అతని తల్లి ఆండాళు ఊరుకోలేదు. “మా పోరడే అన్నంక ఫికరుండదారా? మాటంటే గాలికి పోయేదనుకున్నవా?”

మొన్న సోమవారం కృష్ణకాంత్ మంజుల ఒళ్లో కూర్చుని అన్నం తింటున్నాడు. ఫోను మోగి ఆగింది. మెసేజీ.

కృష్ణకాంత్ సందర్శన నమోదైనది. త్వరగా కోలుకోవాలని ఆశిస్తున్నాము.

మంజుల చేతిలో ముద్ద పళ్లెంలో పడేసింది. పిల్లవాడిని చంకనేసుకుని దవాఖానకు ఉరికింది. అఖిల తెర మీద చదివింది.

“ఇది బ్రాంచీ కాదక్కా, క్యాంపు వ్యాను. కూలోళ్లు పనిచేసే జాగాలకు పోతది. ఊరి పేరు ఎక్కియ్యలే.”

“ఏమిచ్చిండ్రు? సూదేసిండ్రా?”

“లేదు. దగ్గు మందిచ్చిండ్రు.” అఖిల కిందికి చదివి ఆగిపోయింది. “వారంల తగ్గకుంటే పెన్సిలిన్ సూది వెయ్యమని రాసిండక్కా.”

వ్యాను నడిపేది వేరే కంపెనీ. అక్కడికీ రాశారు. ఫిర్యాదు అందినదని జవాబొచ్చింది, అంతే.

వారం ఇంకా నిండలేదు. మీ ఊరి పక్కన బిల్డింగో, కాలువో, రోడ్డో పని నడుస్తుంటే, రేకుల షెడ్ల దాకా ఒక్కసారి పోయి రండి. తల్లి యాదలక్ష్మి, పాలమూరు మాట. కొడుకు విజేందర్, రెండేళ్లు నిండవచ్చాయి, ఎడమ చెవి కింద కాలిన మచ్చ. వాడికి పెన్సిలిన్ పడదని ఆమెకు చెప్పండి, మంజుల నంబరు ఇక ఎవరికీ చెప్పొద్దని చెప్పండి. ముందు, పిల్లవాడు ఎట్లున్నాడో చూడండి.