గోడ నిటారుగానే ఉంది

నేను ఒక తూకం గుండును. మేస్త్రీలు దారానికి కట్టి గోడ పక్కన వేలాడదీసి, గోడ నిటారుగా లేచిందా, ఒరిగిందా అని చూసుకునే ఇత్తడి గుండును. నిమ్మకాయంత ఉంటాను. మహబూబ్‌నగర్‌లో ఒక లేతు షాపులో పుట్టాను. నన్ను కొన్న సాయన్న మేస్త్రి పాతికేళ్లు నాతో గోడలు లేపి, చూపు మందగించాక మేనల్లుడు కుర్మయ్య చేతిలో పెట్టాడు. "దీనికి అబద్ధం రాదురా. నీకొస్తే రావొచ్చు" అని నవ్వాడు. ఆ మాటకు నేను చాలా ఏళ్లు గర్వపడ్డాను.

పాలమూరు మనుషులు పని ఎక్కడుంటే అక్కడికి పోతారు. కుర్మయ్య కూడా భార్య మణెమ్మను వెంటబెట్టుకుని గుజరాత్‌లోని భుజ్ పట్టణానికి పోయాడు. అక్కడే ఊరి చివర రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. రాతి గోడలు, మట్టి అడుసు, పైన బరువైన స్లాబు. పరాయివాళ్ల గోడకు నన్ను రెండుసార్లు వేలాడదీసేవాడు, తన గోడకు నాలుగుసార్లు వేలాడదీశాడు. వెంట్రుకవాసి కూడా ఒరగలేదు.

రెండువేల ఒకటి జనవరి ఇరవై ఆరు, పొద్దున. మణెమ్మ ఎనిమిది నెలల చిన్న కూతురు రేణుకను చంకనేసుకుని బయట నల్లా దగ్గర నీళ్లు పడుతోంది. నాలుగేళ్ల పెద్ద కూతురు శ్యామల లోపల బొంతలో ఉంది. పిల్లను లేపనా అని కుర్మయ్య అడిగితే, "సలి పెడుతుంది, ఇంకింతసేపు పండనీ" అన్నది మణెమ్మే. కుర్మయ్య గడప దాటాడు. నేను శ్యామల తలవైపు గోడకు, మేకుకు వేలాడుతున్నాను. ముందు నేను ఊగాను. తర్వాత గోడ ఊగింది.

మిగతాది చెప్పలేను. రాళ్ల కింద నుంచి మూడో రోజు తీశారు. శ్యామలను ముందు, నన్ను తర్వాత.

ఆ తర్వాత గుడారంలో బతుకు. భూమి మాత్రం ఊరుకోలేదు, రోజూ ఎంతోకొంత కదిలేది. మణెమ్మ నన్ను గుడారం కర్రకు, పాప పడుకునే చోటికి పైన కట్టింది. నేను ఊగితే భూమి కదిలినట్టు. గోడల కోసం పుట్టినదాన్ని, భూమికి కాపలా పెట్టింది! గాలి వీచినా ఊగేదాన్ని, మేక వచ్చి గుడారం తాడుకు వీపు రుద్దుకున్నా ఊగేదాన్ని. ఊగినప్పుడల్లా ఆమె పాపను లాక్కుని ఎండలోకి, వానలోకి పరుగు తీసేది.

పక్క గుడారంలో ఉండే బుచ్చమ్మ కూడా పాలమూరు మనిషే. "ఏందే మణీ, పొద్దస్తమానం దాన్నే సూస్తవ్? మొగుణ్ణి గట్ల సూస్తే ఎంత సంబురపడుతుండెనో" అని ఎకసెక్కమాడేది.

"మొగుడు ఊగితే తాగిండనుకుంటం అక్కా. ఇది ఊగితే ఉరకాలె" అనేది మణెమ్మ.

నెలలు గడిచాయి. బుల్డోజర్లు శిథిలాలను ఎత్తుకుపోయాయి. సందులున్న చోట రోడ్లు వెడల్పయ్యాయి. కుర్మయ్య ఎవరినో అడిగి తెచ్చుకున్న వేరే గుండుతో ఊరందరి ఇళ్లూ లేపుతున్నాడు. తన జాగాలో మాత్రం రాళ్ల కుప్ప అలాగే ఉంది. కప్పు కిందికి రానంటుంది భార్య. వానలు పడేసరికి పాప రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. శిబిరంలోని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది, వచ్చే చలికాలం ఈ పిల్ల గుడారంలో గట్టెక్కదని. ఆ మాట విన్నాక మణెమ్మకు అటు కప్పన్నా భయమే, ఇటు చలన్నా భయమే. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చునేది.

ఒకరోజు ఇంజనీర్లు మేస్త్రీలందరినీ పనిముట్లతో మైదానానికి రమ్మన్నారు. కుర్మయ్య నన్ను విప్పుకున్నాడు. నేను లేకుండా గుడారంలో ఉండలేక మణెమ్మ పాపతో వెనకే వచ్చింది. అక్కడ చక్రాల బల్ల మీద, మనిషి నడుమెత్తున, రెండు ఇళ్లు కట్టి ఉన్నాయి. ఒకదానికి చంటిపిల్లకు మొలతాడు కట్టినట్టు గోడ చుట్టూ ఇనుము వేసిన కాంక్రీటు పట్టీ ఉంది. రెండోదానికి లేదు. ఇంజనీరు కుర్మయ్యను పిలిచి రెండూ చూడమన్నాడు. నన్ను వేలాడదీశాడు. రెండు ఇళ్లూ నిటారుగానే ఉన్నాయి.

ట్రాక్టరు బల్లను కుదిపింది. పట్టీ ఉన్న ఇల్లు బీటలిచ్చి నిలబడింది. లేనిది కూలింది. జనం ఓహో అన్నారు, కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

మణెమ్మ ఆ రాళ్లకేసే చూస్తూ అడిగింది. "మన ఇంటికి గా పట్టీ ఉండెనా?"

"లేకుండె" అన్నాడు కుర్మయ్య. "నాకు ఎర్క లేకుండె, మణెమ్మా."

నేను ఆయన పిడికిట్లో ఉన్నాను. చెమటకు తడిసిపోయాను. నాకు అబద్ధం రాదన్నారు, నిజమే. కానీ నిటారుగా ఉంటే చాలదని నాకూ తెలియదు.

మూడు రోజులు ఆయన అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు పొద్దున నన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పిల్లను పండనిచ్చింది నేను. గోడ కట్టింది నువ్వు. ఇంక ఎవరిని తిట్టుకుందం?" అంది. "లే. మూలమూలకు ఇనుము పెట్టు. నేను దగ్గరుండి సూస్త."

చూసింది కూడా. పాపను చంకనేసుకుని ప్రతి కడ్డీనీ చేత్తో ఊపి చూసింది. ఒక మూల కడ్డీ వదులుగా ఉందని కట్టుతీగ విప్పించి మళ్లీ కట్టించింది. "ఇంజనీరమ్మా, ఇగ సాలా?" అని కుర్మయ్య అంటే, ఏడాదిలో మొదటిసారి నవ్వబోయి ఆగింది.

చలి మొదలయ్యేసరికి ఇల్లు లేచింది. మొదటి రోజు మధ్యాహ్నం అందులో వండింది. కుర్మయ్య కొత్త గోడకు ఆనుకుని కంచం ముందు కూర్చున్నాడు. నన్ను కిటికీలో పెట్టాడు. అంతలో బయట ఇసుక లారీ పోయింది. కిటికీ రెక్కలు గలగలమన్నాయి. మణెమ్మ పాపను లాక్కుని గడప దాటేసింది.

బయట చలిగాలి. పాప దగ్గింది. లోపలి అన్నం వైపు చేతులు చాపి ఏడ్చింది. మణెమ్మ ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి నిలబడిపోయింది. కుర్మయ్య పిలవలేదు, కోప్పడలేదు. చేతిలో ముద్ద అలాగే ఉంది.

చాలాసేపటికి ఆమె లోపలికి వచ్చింది. నాలుగు గోడలకూ సమానంగా దూరం చూసుకుని, గది నడిమధ్యన కూర్చుంది.

"ఈడనే కూసుంట. ఈడనే పండుకుంట" అంది.

"సరె" అన్నాడు కుర్మయ్య. తాను కట్టిన గోడను వదిలి, కంచం పట్టుకుని లేచి, జరిగి ఆమె పక్కన కూర్చున్నాడు. చేతిలోని ముద్ద పాప నోట్లో పెట్టాడు.