గుండుసూదుల మీద ఆగిన బొంతలు

నింగిని తెచ్చి నేల అంచునకు చేర్చి, కుట్టు జాడ కంటికందనీయక అతికిన ఆ ఆదిశిల్పికి నమస్కారము. పగటికి రేయిని, మాటకు అర్థమును, ఒకరి ఒంటరితనమునకు మరియొకరి ఒంటరితనమును జతపరచి, మిగిలిన పీలికను సైతము పారవేయక దాచుకొను ఆ దయకు చేతులు జోడించి చెప్పబూనుచున్నాను. ఇది పెద్దక్క, చిన్నక్క అని వీధి వీధంతయు పిలుచుకొనిన ఇద్దరు తోబుట్టువుల కథ. వారి ఇంట ముడి పడక నిలిచిపోయిన అతుకుల బొంతల కథ. చెవియొగ్గి వినుడు.

ప్రతి ఉదయమూ ఆ ఇంట ఒకటే క్రమం. పెద్దక్క కిటికీ రెక్కలు తెరిచి, వెలుతురు బల్ల మీద ఎంతమేరకు పాకిందో చూసి, అంతమేరకే పీలికలు పరిచేది. దీపం వెలుగులో రంగులు అబద్ధమాడతాయని ఆమె దృఢవిశ్వాసం. చిన్నక్క సూదులన్నిటికీ ముందుగానే దారం ఎక్కించి, భుజం మీది బట్టకు వరుసగా గుచ్చుకునేది. ఆ భుజాన్ని ఆప్యాయంగా కౌగిలించుకున్నవారు మరొకమారు ఆ సాహసం చేయలేదు.

చిరిగిన చొక్కాలు, వెలిసిన తెరలు, పసివాళ్ళకు పొట్టివైపోయిన నిక్కర్లు, వీధిలో ఏ బట్టకు ఆయువు తీరినా ఆ ఇంటికే చేరేది. పెద్దక్క పొందిక చూసేది. చిన్నక్క కుట్టేది. చివరి ముడి పడ్డ బొంత ఒక బాలింత పక్కలోకో, ఒక ముసలాయన మోకాళ్ళ మీదికో వెళ్ళేది. ఇక ముడి పడగానే జరగవలసింది జరిగేది: ఏ రెండు పీలికలు అంచు కలుపుకుని పక్కపక్కన కుట్టబడ్డాయో, ఆ బట్టలు ఒకప్పుడు తొడిగిన ఇద్దరూ ఇక ఒకరిని విడిచి ఒకరు ఉండలేకపోయేవారు. తపాలా గుమాస్తా పాత కోటు ముక్క పక్కన ఒకసారి ఎదురింటి పిల్లి పడుకునే దిండుగుడ్డ పడింది. నాటి నుండి ఆ పిల్లి తపాలా కచేరీ బల్ల మీదనే కొలువు తీరింది. ఆయన దాని తోకను మర్యాదగా పక్కకు జరిపి ముద్రలు వేసుకుంటున్నాడు. ఇందులో వింత ఉన్నదని ఎవరికీ తోచలేదు. బొంతకు బట్ట ఇచ్చే ముందు జనం కాస్త ఆలోచించి ఇచ్చేవారు, అంతే.

అక్కచెల్లెళ్ళ తగవు కూడా పీలికల దగ్గరే పుట్టింది. పక్క కొట్టులో రొట్టెలు కాల్చి అమ్మే ఆమెకు చెప్పుకోవడానికి మాటలు బోలెడు, వినేవారు లేరు. ఊరేగింపుల్లో బాకా ఊదే ఆయనకు, దవడలు నొప్పి పుట్టేలా ఊది ఇల్లు చేరాక ఒక మనిషి గొంతు వినాలని కోరిక, పలికేవారు లేరు. పెద్దక్క ఎంతో యోచన చేసి, ఆమె నీలి వంటగుడ్డ ముక్కను ఆయన ఎర్రకోటు చేతి ముక్కకు ఆనించి పరిచింది. చిన్నక్క దానిని తన వైపుకు తిప్పుకోవడంలో వరుస తారుమారైంది. నీలిముక్క ఒక మూలకూ ఎర్రముక్క మరొక మూలకూ పోయాయి. నడుమ ఇస్త్రీ చేసే ఆయన గళ్ళచొక్కా వెళ్ళి పళ్ళ డాక్టరు తెల్లకోటును హత్తుకున్నది. ముడి పడింది. ఇప్పుడు పళ్ళ డాక్టరు పళ్ళు పీకుతుంటే, ఇస్త్రీ ఆయన పక్కన కూర్చుని రోగికి హాస్యాలు చెబుతాడు. నోరు తెరిచి ఉన్న రోగి నవ్వలేక కన్నీళ్ళు పెట్టుకుంటాడు.

"చూడకుండా కుట్టేదాన్ని లోకంలో నిన్నొక్కదాన్నే చూశాను," అన్నది పెద్దక్క.

"కుట్టకుండా కూర్చుని చూసేదాన్ని నేనూ నిన్నొక్కదాన్నే చూశాను," అన్నది చిన్నక్క.

ఆ తరువాత ఇద్దరి మధ్యా మాట లేదు. పెద్దక్క పంతం కొద్దీ కొత్త బొంతలు పరిచి, ముక్కలను గుండుసూదులతో నిలిపి, బల్ల మీద ఒకదానిపై ఒకటి పేర్చింది. చిన్నక్క పంతం కొద్దీ వాటిని ముట్టలేదు. వాటిలో అన్నిటికన్నా అడుగున ఉన్నదానిలో నీలిముక్క, ఎర్రముక్క మళ్ళీ పక్కపక్కన చేరి కాచుకుని ఉన్నాయి.

గుండుసూదితో నిలిచిన స్నేహం సగంలోనే నిలుస్తుంది. మేడమీది ఇద్దరు ముసలివాళ్ళు చదరంగం మొదలుపెట్టి, ఎత్తు ఎవరిదో మరచిపోయి, పావుల వంక చూస్తూ నెలల తరబడి కూర్చున్నారు. అలిగిన తోడికోడళ్ళు ఒకరి తలుపు దాకా ఒకరు వచ్చి, తట్టకుండా వెనుదిరిగారు. బాకా ఆయన రోజూ పొద్దున్నే రొట్టె కొని, ఏదో చెప్పబోయి, గొంతు సవరించుకుని, "ఈ రోజు వాన పడుతుందంటారా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు.

ఇలా ఉండగా ఒక శనివారం పొద్దున రొట్టెలామె వేడి రొట్టె పట్టుకుని వచ్చింది. చిన్నక్క పెట్టె సర్దుతున్నది.

"అమ్మాయ్," అన్నది చిన్నక్క, రెండు బారల దూరంలో ఉన్న అక్కకు వినబడేటట్టు. "దూరపు ఊళ్ళో కుట్టు నేర్పే బడి ఉంది. నన్ను పంతులమ్మగా రమ్మన్నారు. ఉండటానికి గది కూడా ఇస్తారట. సోమవారం పొద్దున బండి వస్తుందని ఆవిడతో చెప్పు."

"పెద్దక్కా, చిన్నక్క వెళ్ళిపోతుందట," అన్నది రొట్టెలామె, తెల్లబోయి.

"నాకు చెవుడు లేదని చెప్పు. వెళ్ళేవాళ్ళు ఉన్ని మేజోళ్ళు మరిచిపోవద్దని కూడా చెప్పు. అక్కడ చలెక్కువట."

"ఆ మేజోళ్ళు ఎవరివో అడుగు."

"నావే. ఇచ్చేశానని చెప్పు."

రొట్టెలామె రొట్టెను బల్ల మీద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుంది. "నేనేమన్నా టెలిఫోను తీగనా తల్లీ? ఒకే గదిలో ఉండి నా మీదుగా మాట్లాడుకుంటారేం? వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, నేర్పేవాళ్ళు నేర్పండి. ఈ బొంతల గతేమిటి? ఆయన రోజూ వచ్చి వాన పడుతుందా అంటాడు. ఎండాకాలమంతా అడిగాడు! జవాబు చెప్పడానికి ఆకాశం చూసీ చూసీ నా మెడ పట్టేసింది."

చిన్నక్క లేని ఆ గదిని పెద్దక్క మనసులో ఒకసారి ఊహించి చూసి, చప్పున చూపు తిప్పుకున్నది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుండి ఆమె ఒంటరిగా అన్నం తిన్నది లేదు. 'ఉండవే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి, గుండుసూది గుచ్చినట్టు అక్కడే నిలిచిపోయింది.

"ఇన్ని బొంతలు సోమవారంలోగా ఒక్క చేత్తో అవవని చెప్పు," అన్నది చిన్నక్క చివరకు.

"రెండో చెయ్యి ఉందని చెప్పు," అన్నది పెద్దక్క.

"ఆవిడకు కుట్టు వచ్చా అని అడుగు."

"అడిగేవాళ్ళకు సూది పట్టడం నేర్పింది ఎవరో కనుక్కో."

పని మొదలైంది. బల్లకు అటొకరు, ఇటొకరు. చెరొక అంచు నుండి బయలుదేరి నడిమికి కుట్టుకుంటూ రావడం వారి ఒప్పందం. రొట్టెలామె కొట్టుకు గొళ్ళెం పెట్టి వచ్చి సూదులకు దారం ఎక్కించింది. దారం సన్నని సవ్వడితో బట్టలో దూసుకుపోయింది. అంతలో చిన్నక్క తల ఎత్తి అటువైపు చూసింది.

"ఇవి కుట్లా, మెట్లా? పిల్లలు కాలేసుకుని ఎక్కేస్తారు!"

"నా కళ్ళజోడు నీ మేజోళ్ళకంటే పాతది. నోరు మూసుకుని కుట్టవే."

ఈ మాటలు చేరవేయడానికి నోరు తెరిచిన రొట్టెలామె, తన అవసరం తీరిపోయిందని గ్రహించి, మెల్లగా నోరు మూసుకున్నది. అక్కచెల్లెళ్ళు మాత్రం ఆ సంగతి గమనించనే లేదు. దారం గురించి తిట్టుకున్నారు, వెలుతురుకు అడ్డమని తిట్టుకున్నారు, చిన్ననాడు దాచిన బెల్లంముక్క ఎవరు తిన్నారన్న వ్యాజ్యాన్ని మళ్ళీ తవ్వి తీశారు.

ఒక్కొక్క బొంతకూ ముడి పడుతూ వచ్చింది. మొదటి ముడికి మేడమీది నుండి, "ఎత్తు నాదిరా! నీ ఏనుగు పోయింది, చూసుకో!" అన్న కేక వినబడింది. మరొక ముడికి ఎక్కడో తలుపు తట్టిన చప్పుడు, ఆపైన ఇద్దరు ఆడవాళ్ళు ఒకేసారి ఏడుస్తూ నవ్వుతూ మాట్లాడుకోవడం. వెలుతురు తగ్గినప్పుడల్లా పెద్దక్క సూదులు పక్కన పెట్టించేసేది. దీపం వెలుగులో కుట్టడానికి ఎంత తొందరలోనూ ఒప్పుకోలేదు. అందువలన సోమవారం తెల్లవారేసరికి అడుగుబొంత ఒకటి మిగిలే ఉన్నది.

అది మిక్కిలి వెడల్పైనది. నడిమి భాగం బల్ల మీద చేతికి అందలేదు. బండి వచ్చే వేళ దగ్గరపడుతున్నది. అక్కచెల్లెళ్ళు బల్లను గోడకు జరిపి, రెండు ముక్కాలిపీటల మీద మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, బొంత నడుమను తమ ఒడుల మీదికి లాక్కున్నారు. నీలిముక్క పెద్దక్క వైపు, ఎర్రముక్క చిన్నక్క వైపు. రెండు సూదులు ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి ఒకే చోట కలుసుకున్నాయి.

"ముడి నువ్వు వెయ్యి," అన్నది పెద్దక్క.

"నీ దారం కూడా ఇటియ్యి. రెండూ పేనేసి ఒకటే వేద్దాం."

ముడి పడింది. కిటికీ అవతల రొట్టె కోసం వెతుకుతూ వచ్చిన బాకా ఆయన, లోపలున్న రొట్టెలామెను చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఈ రోజు వాన..." అని ఆగాడు. ముఖం ఎర్రకోటు రంగుకు తిరిగింది. "వాన సంగతి నాకెందుకండీ! సాయంత్రం కొట్టు మూశాక నాతో కాస్త నడుస్తారా? మీరు మాట్లాడుతూ ఉండండి. నేను వింటాను."

"ఎంతసేపు వింటారు?" అన్నది రొట్టెలామె, అనుమానంగా.

"మీరు ఎప్పుడు మొదలుపెడతారు?"

ఆమె దారం ఎక్కించిన సూదిని చేతిలో పట్టుకునే బయటికి నడిచి, అక్కడికక్కడే మొదలుపెట్టింది.

వీధి మొదట బండి హారను మోగింది. చిన్నక్క దిగ్గున లేచి నిలబడింది. ఆమెతో పాటు బొంతా లేచింది. బొంతతో పాటు పెద్దక్క పీట మీది నుండి ముందుకు తూలి, చెల్లెలి భుజం పట్టుకుని, అక్కడి సూదులు గుచ్చుకుని కెవ్వుమన్నది.

"ఏమిటే ఆ లాగడం!"

"నేనెక్కడ లాగాను? నువ్వే పట్టుకున్నావు!"

ఇద్దరూ బొంతను ఎత్తి అడుగున చూశారు. ఒడిలో పెట్టుకుని కుట్టేవారు మోకాళ్ళ మీద అట్టముక్క పరుచుకోవాలి. లేకుంటే సూది బొంతతో ఆగక కట్టుబట్టలోకి దిగుతుంది. ఈ సంగతి పసిపిల్లలకు నేర్పే మొదటి పాఠం. తొందరలో ఇద్దరూ మరిచారు. పెద్దక్క తన బట్టను కుట్టేసుకున్నది. చిన్నక్క తన బట్టను కుట్టేసుకున్నది. రెండూ అంచుకు అంచు ఆనుకుని, ఒకే ముడిలో బిగిశాయి.

"పంతులమ్మగారూ, పాఠం బాగుంది," అన్నది పెద్దక్క.

"నేర్పిన గురువును అనాలి. విప్పేద్దాం పట్టు."

"విప్పితే పైన వాళ్ళ కుట్లు కూడా ఊడతాయి. బయట చూడు, ఆయన ఇప్పుడే వినడం మొదలుపెట్టాడు."

చిన్నక్క చూసింది. బాకా ఆయన అరచేతిలో చెంప ఆనించుకుని వింటున్నాడు. ఆమె కత్తెర అందుకుని, ముందు తన మోకాలి మీది బట్టను, తరువాత అక్క మోకాలి మీది బట్టను గుండ్రంగా కత్తిరించింది. రెండు ముక్కలూ బొంత అడుగున పక్కపక్కన ఉండిపోయాయి. ఇద్దరి మోకాళ్ళూ బయటికి తొంగిచూశాయి.

"మన బట్ట బొంతలోకి రానియ్యకూడదని అమ్మ ఎంత పట్టుబట్టేదో," అన్నది చిన్నక్క నెమ్మదిగా. "కుట్టే చేతులకు పక్షపాతం రాకూడదని."

"అమ్మకు నేను చెప్పుకుంటాలే. ముడైతే పడిపోయింది."

బండివాడు పెట్టె ఎక్కించాడు. చిన్నక్క ఎక్కి కూర్చుంది. అప్పగింతల మాట ఒకటి చెబుదామని పెద్దక్క మెట్టు మీద కాలు పెట్టింది. ఆమె జన్మలో ఆ వీధి మలుపు దాటి ఎరుగదు. మరుక్షణం చూసుకునేసరికి చెల్లెలి పక్కన కూర్చుని ఉన్నది.

"ఒక్కరే అన్నారు కదమ్మా?" అన్నాడు బండివాడు.

"దిగుదామనే చూస్తున్నాను నాయనా. కాలు రావడం లేదు."

"దిగమని నిన్నెవరన్నారు?" అన్నది చిన్నక్క, ముఖం అటు తిప్పుకుని.

"నువ్వక్కడ కుట్టడం నేర్పుతావు, సరే. దేని పక్కన ఏది పెట్టాలో పిల్లలకు ఎవరు చెబుతారే?"

"నువ్వే చెప్పు. ముందు కాస్త జరుగు, నా సంచి మీద కూర్చున్నావు."

పెద్దక్క జరిగింది. నడుముకున్న తాళంచెవి తీసి, "ఇల్లు చూస్తూ ఉండండర్రా!" అని కేకవేసి బయటికి విసిరింది. రొట్టెలామె మాట ఆపలేదు. బాకా ఆయన ఆమె ముఖం మీది నుండి చూపు మరల్చకుండానే చెయ్యి చాచి పట్టుకున్నాడు. బండి వీధి మలుపు తిరిగింది. లోపల ఇద్దరూ కిటికీ పక్క చోటు ఎవరిదని అప్పటికే తగువు మొదలుపెట్టారు.

ఈ కథ చెప్పినవారికిని, విన్నవారికిని, వింటూ వింటూ కునికినవారికిని మేలు కలుగు గాక. మీ పెట్టెల అడుగున సగములో నిలిచిన పనులకు మంచి వెలుతురును, తగిన చేతులును దొరకు గాక. చలి కాలమున కప్పుకొనుటకు మీకొక బొంతయు, దాని రెండవ అంచును తన వైపునకు లాగుకొనుటకు ఒక మనిషియు ఎల్లకాలము తోడుందురు గాక.