సున్నపుకట్టు పురుగులు

మా ఆయన మునియప్పన్ ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు. అడవిశాఖలో వాచరుగా చేరాక ఆయన నవ్వుతూ రావడం నేను చూసింది తక్కువ. ఆ నెలలో అయితే అసలు లేదు. గుడియాత్తం కొండ కింద సర్కారు నాటిన టేకు తోటను పురుగు పట్టింది. ఈనెలు మాత్రం మిగిల్చి ఆకంతా తినేస్తోంది. పొగ పెట్టారు, కొమ్మలు దులిపారు, ఏం చేసినా తగ్గలేదు. వేలూరు నుంచి దొర వచ్చేలోగా తోట పచ్చగా కనబడకపోతే నీ బిళ్ళ పీకేస్తానని రేంజరు మా ఆయనతో చెప్పిపోయాడు.

"మే పాపాతీ, ఇది చూడు!" అంటూ వాకిట్లోనే తుండుగుడ్డ మూట విప్పాడు.

మూటలో టేకు పురుగులు. అన్నీ చచ్చి, కట్టెల్లా బిగిసి, సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నాయి.

"ఆడనే నిలబడు! గడప తొక్కినావంటే చూడు!" అని అరిచాను.

అరవనా మరి? లోపలి గదిలో నా పట్టుపురుగులున్నాయి. కుప్పంలో మా పుట్టింటివాళ్లది పట్టుపురుగుల పెంపకం. నిరుడు ఇక్కడ నా పంట మొత్తం ఈ సున్నపుకట్టు తెగులుతోనే పోయింది. ఒక్క పురుగు తెల్లబడితే చాలు, ఆ పొడి రాలి ఇల్లంతా అంటుకుంటుంది. చచ్చినవాటిని గుంత తవ్వి పూడ్చింది మా ఆయనే, అందుకే అడవిలో చూడగానే గుర్తుపట్టాడు. ఈసారి పురుగుల గుడ్లు ఇస్తూ మా అన్న పెరియసామి, "ఇదే కడైసి పాపాతీ, ఇంక ఇయ్యను. ఇదీ పోతే తట్టలు తిప్పి పంపించేయి" అన్నాడు. ఈ ఇంట్లో పొయ్యి నుంచి పిల్లి దాకా అన్నీ కాలం చేసిన మా అత్తగారివే. నాదంటూ ఉన్నవి పురుగులు పెంచే ఆ తట్టలే.

"వానకు తెగులు పట్టుకున్నాది మే," అన్నాడాయన సంతోషం ఆపుకోలేక. "చెట్టుమిందనే చస్తా ఉండాయి. వీటిని తీసకపోయి మిగతా చెట్లమింద చల్లితే ఆడా అంటుకుంటాది గదా?"

"ఎద్దు పుండు కాకికి ముద్దంట. పోయి బావికాడ మునుగు," అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పటినుంచి ఆయన పడక పశువుల కొట్టంలో, తిండి వాకిట్లో. బావి దగ్గర స్నానం చేసి, వేరే గుడ్డ కట్టుకుని, చిన్నపిల్లాడిలా రెండు చేతులూ చాపి చూపిస్తేనే నేను అన్నం పెట్టేది. "తూర్పుపక్క చెట్లు చిగురేసినాయి మే" అని చెప్పేవాడు. ఆయన తెచ్చే ప్రతి మంచి కబురూ నాకు చెడ్డ కబురే. అక్కడ ఎన్ని పురుగులు చస్తే ఇక్కడికి అంత పొడి. గాలి వీస్తే కిటికీ మూసేదాన్ని, మూస్తే ఉక్కకు చస్తాయేమోనని మళ్లీ తెరిచేదాన్ని.

పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. కుబుసం విడిచే వేళను మావాళ్లు జ్వరమంటారు. లేచాక వాటి ఆకలికి హద్దుండదు. వాటి మేత కంబళి ఆకు కోసి వేస్తే తాటాకు కప్పు మీద చినుకులు పడ్డట్టు ఒకటే చప్పుడు. ఇంకో వారం గడిస్తే గూళ్లు కడతాయి. ఆ వారం గడవాలని మారెమ్మకు ముడుపు కూడా కట్టాను.

మర్నాడు మధ్యాహ్నం జోరువానలో ఆయన తూలుకుంటూ వచ్చాడు. చలిజ్వరం. నేను వాకిట్లోకి రాకముందే చెయ్యెత్తి, "నువ్వు రావద్దు మే, ఒళ్లంతా పొడి ఉండాది," అని కొట్టంలోకి పోయి తడినేల మీదే పడుకున్నాడు. కొట్టం కురుస్తోంది. ఆయన పళ్లు కొట్టుకునే చప్పుడు గడప దాకా వినిపిస్తోంది. వెనక గదిలో నా పురుగులు ఆకు తినే చప్పుడు.

"పురుగులకు జ్వరం దిగితే నీకెక్కిందా నా తండ్రీ!" అని ఏడుస్తూ పోయి, రెక్క పట్టి లోపలికి లాక్కొచ్చాను. తడిగుడ్డలు విప్పి వానలోకి విసిరేశాను. నా చీరలు కప్పాను. ఆయన జుట్టులో, చెవుల వెనక, గోళ్లలో ఆ తెల్లపొడి కనబడుతూనే ఉంది. ఎంత తుడిచినా పోలేదు.

నాలుగో రోజుకే ఒక పురుగు ఆకు ముట్టడం మానేసింది. తర్వాత ఒక తట్ట. తర్వాత అన్నీ.

"ఏమి మే, చప్పుడే లేదు?" అన్నాడు మంచం మీంచి నీరసంగా.

"గూళ్లు కడతా ఉండాయి. గూడు కట్టేటప్పుడు యాడన్నా తింటాయా? సుమ్మా, కదలకుండా పండుకో మామా."

పూడ్చడానికి పెరట్లో గుంత తవ్వాను. తవ్వాక మనసొప్పలేదు. తెల్లబడిన నా పురుగులన్నీ గంపకెత్తి, టేకు తోటలో పడమటి పక్కకు మోసుకుపోయాను. ఆయన ఇంకా చల్లకుండా మిగిలిన చెట్లు అవే. ఒక్కో చెట్టుమీదా చల్లుతూ ఏడ్చాను.

జ్వరం తగ్గి ఆయన పనికి పోయిన రోజు, సాయంత్రం చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి తడితలతో వాకిట్లోనే నిలబడ్డాడు.

"పడమటి పక్క కూడా పురుగు చస్తా ఉండాది," అన్నాడు. "చెట్ల కింద మన పట్టుపురుగులు చూసినా."

ఆయన ఎప్పటిలాగే రెండు చేతులూ చాపి చూపించాడు.

"ఇంక చూపించే పని లేదు మామా. లోపలికి రా," అన్నాను.

ఆయన రాలేదు. అక్కడే కూలబడి మొహం కప్పుకున్నాడు. నేనే గడప దాటి వెళ్లి పక్కన కూర్చున్నాను.